సీసపు అక్షరాల పుట్టింటికి: మైంజ్ నుంచి హాలె దాకా నాన్నతో ఐదు రోజులు

అమ్మానాన్నల్ని జర్మనీ రప్పించుకున్న మా స్నేహితులందరూ వాళ్ళని ముందు పారిస్ తీసుకెళ్తారు, తర్వాత స్విట్జర్లాండ్ మంచు కొండలు. నేనూ అదే ప్లాన్ వేసి ఫోన్లో చెబితే నాన్న అంతా విని, "గుటెన్‌బర్గ్ ఊరు మీకు దగ్గరేనా అమ్మలూ?" అని అడిగారు. యూరప్‌లో సీసం అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయడం మొదలుపెట్టిన గుటెన్‌బర్గ్.

నాన్న విజయవాడలో కంపోజిటర్‌గా పనిచేశారు. 1972లో గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో చేరినప్పుడు ఆయనకి పదిహేడేళ్ళు. పాతికేళ్ళు కేసు ముందు, అంటే అక్షరాలు పెట్టే గళ్ళ అర ముందు, నిలబడి సీసం అక్షరాలు ఏరి పేర్చారు. తర్వాత కంప్యూటర్ కంపోజింగ్ వచ్చింది. అక్షరాలన్నీ గోతాల్లో పోసి కిలోల లెక్కన అమ్మేశారు. నాన్న అక్కడే ప్రూఫ్‌రీడర్‌గా మారారు. ఆయన కేసు పైన గోడకి ఇంకు కంపెనీ క్యాలెండర్ ఒకటి ఉండేది. దాని మీద పొడుగు గడ్డం, తల మీద టోపీ ఉన్న ఒక పెద్దమనిషి బొమ్మ, గుటెన్‌బర్గ్‌ది. ఏళ్ళు మారినా ఆ క్యాలెండర్ తియ్యలేదట. ఆ పెద్దమనిషి ఊరు మా ఇంటి నుంచి లోకల్ రైల్లో ముప్పావు గంట.

పారిస్ మానేశాం. అక్టోబరు మొదటి వారం, ఐదు రోజులు సెలవు పెట్టాను. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఇంట్లోనే ఉంటానంది.

మొదటి రోజు, మంగళవారం: మైంజ్

స్టేషన్ నుంచి నడుచుకుంటూ ముందు విగ్రహం దగ్గరికి వెళ్ళాం. థియేటర్ ఎదురుగా చౌకులో ఉంది. డెన్మార్క్ శిల్పి థోర్వాల్డ్‌సన్ చేసింది, 1837లో నిలబెట్టారు. నాన్న కింద నిలబడి చాలాసేపు పైకి చూశారు. "మన క్యాలెండర్‌లో ఉన్నాయనే" అన్నారు. నిజానికి గుటెన్‌బర్గ్ బతికుండగా గీసిన బొమ్మ ఒక్కటీ లేదు. ఆ గడ్డం, ఆ టోపీ ఆయన పోయిన వందేళ్ళ తర్వాత ఎవరో ఊహించి గీసినవి. అప్పటి నుంచి అందరూ ఆ ముఖాన్నే గీస్తున్నారు. చెబుదామా వద్దా అని ఆలోచించి చెప్పాను. నాన్న పెద్దగా పట్టించుకోలేదు. "ముఖం ఏదైతే ఏముంది, పని ఉందిగా" అన్నారు.

గుటెన్‌బర్గ్ మ్యూజియానికి కొత్త భవనం కడుతున్నారు. అది పూర్తయ్యేదాకా నేచురల్ హిస్టరీ మ్యూజియం భవనంలో నడుస్తోంది. అసలు వస్తువులన్నీ అక్కడే ఉన్నాయి. వెలుతురు తగ్గించిన గదిలో, అద్దాల వెనక, ఆ బైబిలు. 1455 నాటికి అచ్చయిన పుస్తకం. మొత్తం 180 ప్రతుల దాకా వేశారని, అందులో కొన్ని తోలు మీద, మిగతావి కాగితం మీద అని చెబుతారు. ఇప్పుడు ప్రపంచంలో మిగిలినవి యాభైకి కాస్త అటూఇటూ. పేజీకి రెండు నిలువు పట్టీలు, ఒక్కో పట్టీకి 42 వరుసలు.

నేను రంగుల అక్షరాలు చూస్తున్నాను, చేత్తో వేసినవి, ఎరుపూ నీలమూ. నాన్న చూపు వేరే చోట ఉంది.

"కుడివైపు మార్జిన్ చూడమ్మా."

చూశాను. గీత గీసినట్టు తిన్నగా ఉంది.

"వరుసకీ వరుసకీ మాటల మధ్య ఖాళీ చూడు. ఎక్కడా పళ్ళ సందుల్లా లేదు. మేం మార్జిన్ కలవడానికి స్పేసులు కుక్కేవాళ్ళం. ఒక్కోసారి పేజీ మధ్యలో పైనుంచి కిందకి తెల్లటి కాలవ పారినట్టు కనబడేది. మేస్త్రీ తిట్టేవాడు. ఈయన ఎలా చేశాడు?"

ఆ జవాబు నేను ముందే చదివి వచ్చాను. గుటెన్‌బర్గ్ అక్షరానికి ఒక్క రూపమే పోయలేదు. ఒకే అక్షరం కాస్త వెడల్పుగా ఒకటి, ఇరుగ్గా ఒకటి, రెండక్షరాలు కలిపి ఒకటి, మాటని కుదించే గుర్తులు మరికొన్ని. మొత్తం 290 రకాలు. వరుస ఎంత మిగిలితే దానికి సరిపోయే రూపం తీసి పెట్టేవాళ్ళు. మాట విరిగినచోట వేసే చిన్న గీతల్ని పట్టీ బయటకు నెట్టేశారు, అక్షరాల అంచు చెదరకుండా.

"ఇరవయ్యారు అక్షరాల భాషకి 290 పోశాడా!" అన్నారు నాన్న. కాసేపాగి, "అయితే మా కేసు చూస్తే ఆయన బెదిరేవాడు కాదు" అన్నారు. తెలుగు కేసు అంటే వందల గళ్ళు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో గర్వం నాకు స్పష్టంగా వినిపించింది.

తర్వాత అక్షరం పోత పోసి చూపించారు. ఉక్కు ముక్క కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొడితే గుంట పడుతుంది. ఆ రాగి ముక్కని చేతిలో ఇమిడే చిన్న మూసలో బిగించి, పైనుంచి కరిగిన లోహం పోస్తారు. కళ్ళు మూసి తెరిచేలోగా గట్టిపడుతుంది. మూస విప్పితే వెండిలా మెరిసే అక్షరం కింద పడుతుంది. మూస వెడల్పు జరపవచ్చు కాబట్టి సన్నటి అక్షరానికి సన్నటి ఒళ్ళు, వెడల్పు అక్షరానికి వెడల్పు ఒళ్ళు. ఎత్తు మాత్రం అన్నిటికీ ఒకటే. ఎత్తు వెంట్రుకవాసి తేడా వచ్చినా అచ్చులో ఒక అక్షరం ముద్దగా, పక్కది వెలిసిపోయినట్టుగా పడుతుంది. గుటెన్‌బర్గ్ కంసాలి పని తెలిసినవాడు కాబట్టే ఆ కొలత ఆయన చేతికి దొరికిందని అక్కడ నిలబడ్డప్పుడు నాకు అనిపించింది.

లోహం ఏమిటని నాన్న నా చేత అడిగించారు. సీసం, తగరం, ఆంటిమనీ. "అదే, అదే" అని తల ఊపారు. సీసం ఒక్కటే అయితే మెత్తన, త్వరగా అరుగుతుంది. ఆంటిమనీ కలిస్తే గట్టిపడుతుంది, చల్లారేటప్పుడు కుంచించుకుపోకుండా అక్షరం అంచులు పదునుగా నిలుస్తాయి. ఐదు వందల ఏళ్ళ తర్వాత విజయవాడలో నాన్న చేతిలోకి వచ్చిన అక్షరమూ ఆ మూడింటి మిశ్రమమే.

అక్కడ నుంచి తూర్పు ఆసియా వస్తువుల వైపు వచ్చేసరికి నాన్న ఆగిపోయారు. నేను చెప్పాల్సిన మాట ఒకటుంది, ఆయన మనసు కష్టపడుతుందేమోనని వాయిదా వేస్తూ వచ్చాను. విడి అక్షరాలతో అచ్చు వేసిన మొదటి మనిషి గుటెన్‌బర్గ్ కాదు. చైనాలో 1040ల్లో బీ షెంగ్ అనే ఆయన మట్టి అక్షరాలు కాల్చి వాడాడు. షెన్ క్వో అనే పండితుడు ఆ సంగతి రాసిపెట్టబట్టి తెలిసింది. కొరియాలో లోహపు అక్షరాలతో అచ్చయిన జిక్జి అనే బౌద్ధ గ్రంథం 1377 నాటిది, మైంజ్ బైబిలు కంటే 78 ఏళ్ళు ముందు. అందులో రెండో భాగం ఒక్కటే మిగిలింది, అది పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉంది.

నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి ఈయన చేసిందేమిటి?" అని అడిగారు.

నాకు అర్థమైనంతవరకు చెప్పాను. జరిపే మూస, ఆ మిశ్రమ లోహం, లోహానికి అంటుకునే నూనె ఇంకు, గట్టిగా సమానంగా ఒత్తే చెక్క ప్రెస్సు. ఈ నాలుగూ ఒకచోట కలిసి ఒక వృత్తిగా నిలబడింది మైంజ్‌లోనే. లిపి కూడా కలిసొచ్చింది. వేల గుర్తులున్న చోట అక్షరం వెతకడానికే పొద్దు గడుస్తుంది.

"అచ్చు అంటే మనకి మూసే కదా" అన్నారు నాన్న. "బెల్లం అచ్చు, ఇటుక అచ్చు, పుస్తకం అచ్చు. అఆలు కూడా అచ్చులే. ఈయన మొదట చేసింది మూస. పేరు సరిపోయింది." ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడుతూ ఆ మాట గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

సాయంత్రం సెయింట్ క్రిస్టోఫ్ చర్చి దగ్గరికి వెళ్ళాం. గుటెన్‌బర్గ్‌కి బాప్తిస్మం ఇక్కడే జరిగిందంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకి పైకప్పు పోయింది. అలాగే మొండిగోడలతో ఉంచేశారు. ఆయన్ని పాతిపెట్టిన చర్చి ఇప్పుడు లేదు, సమాధి కూడా లేదు. ఆ మొండిగోడల పక్కన బెంచీ మీద కూర్చుని ఫుస్ట్ కథ చెప్పాను. యోహాన్ ఫుస్ట్ దగ్గర గుటెన్‌బర్గ్ అప్పు చేసి ప్రెస్సు నడిపాడు. బైబిలు పూర్తయ్యే వేళకి ఫుస్ట్ వడ్డీతో కలిపి 2,026 గుల్డెన్లు (అప్పటి బంగారు నాణేలు) కట్టమని దావా వేశాడు. 1455 నవంబరు 6 తేదీ వేసిన దస్తావేజు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత గుటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్, ఫుస్ట్‌తో కలిశాడు. 1457లో వాళ్ళిద్దరూ అచ్చు వేసిన కీర్తనల పుస్తకం చివర పేర్లు, తేదీ వేసుకున్నారు. గుటెన్‌బర్గ్ పేరు మాత్రం ఆయన అచ్చు వేసిన ఏ పుస్తకంలోనూ లేదు.

"మా పేర్లూ ఉండవమ్మా" అన్నారు నాన్న, మామూలుగానే. "రాసినాయన పేరు, వేయించినాయన పేరు, ప్రెస్సు పేరు. కంపోజు చేసినోడి పేరు ఎవరు వేస్తారు? నువ్వు కంపోజు చేసింది చూపించమని మీ తాత అడిగితే, ఏ పుస్తకంలో ఏ పేజీ నాదో నాకూ గుర్తుండేది కాదు."

రెండో రోజు, బుధవారం: ఎల్ట్‌విల్లె

రైను నది అవతలి ఒడ్డున చిన్న ఊరు. ఇరుకు వీధులు, కొయ్య చట్రాల ఇళ్ళు, ఊరి చుట్టూ ద్రాక్ష తోటలు. కోతలు జరుగుతున్నాయి. ఒక వీధిలో పాత ద్రాక్ష గానుగ చూపిస్తే నాన్న వెంటనే పట్టేశారు. నిలువు మర, అడ్డ కర్ర, కింద పలక. ముందు రోజు మైంజ్‌లో చూసిన చెక్క ప్రెస్సుకి అన్న లాంటిది. ద్రాక్షపళ్ళు పిండే ఒత్తిడి చూసి కాగితం మీద ఒత్తిడి ఊహించినవాళ్ళు ఇలాంటి చోటే పుట్టి ఉంటారని, తోటల మధ్య నడుస్తుంటే సహజంగానే అనిపిస్తుంది.

నది ఒడ్డున కోట బురుజులో గుటెన్‌బర్గ్ జ్ఞాపకార్థం ఒక గది ఉంది. మెట్లు ఎక్కువే. నాన్న ఆగి ఆగి ఎక్కారు. 1462లో మైంజ్ మీద దాడి జరిగి ఊరు దోపిడీ అయ్యాక అక్కడి అచ్చు పనివాళ్ళు చెల్లాచెదురయ్యారు. వాళ్ళ వెంట ఈ విద్య కూడా ఊళ్ళు దాటింది. మైంజ్ వాళ్ళు గుట్టుగా దాచుకుందామన్నా ఇక దాగలేదు. ఆ దాడి చేయించిన ఆర్చిబిషప్ అడోల్ఫే మూడేళ్ళకి, 1465 జనవరిలో, ముసలి గుటెన్‌బర్గ్‌ని తన కొలువులో గౌరవ సభ్యుడిగా చేర్చుకున్నాడు. ఏడాదికి ఒక జత బట్టలు, 2,180 లీటర్ల ధాన్యం, 2,000 లీటర్ల ద్రాక్షసారా, పన్నులు మాఫీ.

"పెన్షన్ ఇచ్చారన్నమాట" అన్నారు నాన్న. ఆయనకి పెన్షన్ లేదు. చిన్న ప్రెస్సు, పీఎఫ్ కూడా సరిగ్గా కట్టలేదు. ఆ మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కిటికీలోంచి నది వైపు చూస్తూ, "బట్టలు కూడా ఇచ్చారు చూడు. మా పనిలో ముందు పాడయ్యేవి బట్టలే" అన్నారు. మూడేళ్ళ తర్వాత, 1468 ఫిబ్రవరిలో గుటెన్‌బర్గ్ పోయాడు.

మధ్యాహ్నం నది గట్టు మీద పులిహోర తిన్నాం. అమ్మ కట్టి ఇచ్చింది.

మూడో రోజు, గురువారం: లైప్‌జిగ్ ప్రయాణం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మూడు గంటల దారి. దారిలో ఎక్కడో రైలు గంటకు పైగా ఆగిపోయింది. నాన్నకి బాత్రూం విషయంలో టెన్షన్, నాకు హోటల్ చెకిన్ టెన్షన్. ఐజెనాక్ దాటేటప్పుడు కొండ మీద వార్ట్‌బుర్గ్ కోట కనిపించింది. మత సంస్కర్త మార్టిన్ లూథర్ అక్కడ దాక్కుని కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చాడు. 1522 సెప్టెంబరులో అది విట్టెన్‌బర్గ్‌లో అచ్చయింది. జనం మాట్లాడే మాటలో అచ్చు పుస్తకం వస్తే ఏం జరుగుతుందో యూరప్ అప్పుడు చూసింది.

లైప్‌జిగ్ చేరేసరికి చీకటి పడింది. ప్రపంచంలో మొదటి దినపత్రిక ఈ ఊళ్ళోనే, 1650లో, వారానికి ఆరు రోజులు వచ్చేది. యుద్ధానికి ముందు ప్రెస్సులు, పబ్లిషర్లతో ఒక పేట పేటంతా నిండి ఉండేది. 1943 డిసెంబరు 4 తెల్లవారుజామున పడ్డ బాంబులకి అది కాలిపోయింది. ఎన్ని పుస్తకాలు కాలాయో అని నాన్న పడుకునే ముందు కూడా అన్నారు.

నాలుగో రోజు, శుక్రవారం: లైప్‌జిగ్ ముద్రణ కళా మ్యూజియం

ఈ రోజు గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

ప్లాగ్‌విట్స్ అనే పాత ఫ్యాక్టరీల పేటలో ఉంది మ్యూజియం. ఇక్కడి యంత్రాలు అద్దాల వెనక ఉండవు, పనిచేస్తాయి. తలుపు తీయగానే నాన్న ఆగి గట్టిగా ఊపిరి పీల్చారు. ఇంకు, నూనె, పాత కాగితం, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన. నా చిన్నప్పుడు నాన్న చొక్కా వాసన అదే. రాత్రి ఇంటికి రాగానే ముందు చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని, తర్వాత సబ్బుతో రుద్ది, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవారు. సీసానికి బెల్లం విరుగుడని వాళ్ళ నమ్మకం.

హైడెల్‌బర్గ్ ప్రెస్సు కనబడగానే నాన్న నా చెయ్యి వదిలేసి వెళ్ళిపోయారు. గాలిమరలా తిరిగే రెండు చేతులతో కాగితం తనే తీసుకుని, తనే అచ్చు వేసి, తనే బయట పెట్టే యంత్రం. ఆయన పనిచేసిన ప్రెస్సులో ముందు కాలితో తొక్కే ట్రెడిల్ ఉండేది. తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో హైడెల్‌బర్గ్ వచ్చింది. అది వచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, కుంకుమ బొట్టు పెట్టి, పనివాళ్ళందరికీ స్వీట్లు పంచారట. ఇక్కడ దాన్ని నడిపి చూపించినప్పుడు ఆ చప్పుడుకి నాన్న తల లయగా కదలడం చూశాను.

పక్కనే వేడి సీసంతో వరుస మొత్తాన్ని ఒకే ముక్కగా పోసే లైనోటైప్ ఉంది. దాన్ని కనిపెట్టిన ఒట్‌మార్ మెర్గెంటాలర్ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్ళినవాడు. 1886లో న్యూయార్క్ పత్రికలో అది మొదట పనిలోకి దిగింది. ఆవిరితో నడిచే ప్రెస్సు కనిపెట్టిన ఫ్రెడ్రిక్ కోనిగ్ పని నేర్చుకుంది ఈ లైప్‌జిగ్‌లోనే. ఇక్కడ ఎవరూ డబ్బు పెట్టకపోతే లండన్ వెళ్ళాడు. 1814 నవంబరు 29 నాటి టైమ్స్ పత్రిక ఆయన యంత్రం మీద గంటకి 1,100 కాగితాల చొప్పున అచ్చయింది. పుట్టిన చోట ఆదరణ దొరక్క ఎక్కడికో పోయి పైకొచ్చినవాళ్ళ కథలు ఈ వృత్తిలో చాలా ఉన్నాయి.

పై అంతస్తులో టైపు కేసులు. బీరువాల నిండా అరలు, అరల నిండా గళ్ళు. అక్కడ పనిచేసే పెద్దాయన నాన్న కంటే వయసులో పెద్దవాడిలా ఉన్నారు, నీలం ఏప్రాన్ కట్టుకుని. మా నాన్న కంపోజిటర్ అని జర్మన్‌లో చెప్పాను. ఆయన నాన్న ముఖం చూడలేదు, ముందు చేతులు చూశారు. తర్వాత ఒక అర బయటికి లాగి, స్టిక్, అంటే అక్షరాలు వరుసగా పేర్చే చిన్న చట్రం, తెచ్చి నాన్న చేతిలో పెట్టారు.

నాన్న ఎడమ చేత్తో స్టిక్ పట్టుకున్నారు, బొటనవేలు లోపల. ముప్పయ్యేళ్ళుగా పట్టుకోని స్టిక్. అర వైపు కాసేపు చూశారు. జర్మన్ కేసులో గళ్ళ వరస వేరు, ఆయనకి తెలిసిన ఇంగ్లీషు కేసు వేరు. "పెద్ద గడి ఎక్కడుంటే అది ఇ" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఇంగ్లీషులోనూ జర్మన్‌లోనూ ఎక్కువగా పడే అక్షరం అదే కాబట్టి దానికే పెద్ద గడి. అక్కడి నుంచి మిగతావి వెతుక్కున్నారు. మొదటి నాలుగైదు అక్షరాలకి తడుముకున్నారు. తర్వాత చూపు ముందు పోతోంది, చెయ్యి వెనక వస్తోంది. అక్షరం ఒంటి మీద ఒక గాడి ఉంటుంది. వేలికి ఆ గాడి తగిలితే చాలు, కళ్ళతో చూడకుండానే అక్షరం తిన్నగా ఉందో తిరగబడిందో తెలుస్తుంది. ఎడమ నుంచి కుడికి, తలకిందులుగా. నేను ఎదురుగా నిలబడి చదవలేకపోతున్నాను, ఆయన చకచకా పేరుస్తున్నారు.

విజయవాడ, గవర్నర్‌పేట. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు వరుసలు. స్పేసులు పెట్టి వరుస బిగించి, బొటనవేలితో ఒకసారి నొక్కి చూసుకుని పెద్దాయనకి ఇచ్చారు. ఆయన ఇంకు రాసి ప్రూఫు తీశారు. తప్పు లేదు. పెద్దాయన ప్రూఫుని కిటికీ వెలుగులో పెట్టి చూసి ఒకే ఒక మాట అన్నారు, బాగుందని.

అంతటితో వచ్చేస్తామనుకున్నాను. మిగతా సందర్శకులు పేర్చినవి అక్కడే వదిలేసి వెళ్తున్నారు. నాన్న కదల్లేదు. గుడ్డతో అక్షరాల మీద ఇంకు తుడిచి, వరుసని ఎడమ చేతిలోకి తీసుకుని, ఒక్కో అక్షరాన్ని ఏ గడిలోది ఆ గడిలో జారవిడవడం మొదలుపెట్టారు. టిక్, టిక్, టిక్. డిస్ట్రిబ్యూషన్ అనేవాళ్ళు దీన్ని. అచ్చయ్యాక అక్షరాల్ని మళ్ళీ గళ్ళకి చేర్చకపోతే మర్నాడు కేసులో అక్షరాలుండవు. "డిస్ట్రిబ్యూట్ చెయ్యకుండా లేస్తే పాపం, అమ్మలూ" అన్నారు. పెద్దాయన ఒక కుర్చీ తెచ్చి నాన్న వెనక పెట్టారు. నాన్న కూర్చోలేదు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి చివరి అక్షరం దాకా వేశారు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు.

బయటికొచ్చాక ట్రామ్ స్టాపులో నాన్న వేళ్ళ కొసలు చూసుకున్నారు. నల్లబడ్డాయి. కడుక్కోమని నేను అనలేదు.

ఐదో రోజు, శనివారం: హాలె

లైప్‌జిగ్ నుంచి హాలెకి లోకల్ రైల్లో ముప్పావు గంట లోపే. ఈ ఊరు గురించి నాన్నకి ముందు చెప్పలేదు. రైలెక్కాక చెప్పాను. మన తెలుగు అక్షరం మొదటిసారి పుస్తకంగా అచ్చయింది మద్రాసులో కాదు, బందరులో కాదు, ఈ హాలెలో.

నమ్మలేదు. "ఇక్కడ తెలుగు ఎవరికొచ్చు?" అన్నారు.

ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అనే మతగురువు 1698లో ఇక్కడ అనాథ పిల్లల కోసం పెద్ద భవనానికి శంకుస్థాపన చేశాడు. దాని చుట్టూ బడులు, మందుల షాపు, ప్రెస్సు, గ్రంథాలయం పెరిగి ఒక చిన్న ఊరంత అయింది. ఇక్కడ చదివినవాళ్ళు 1706లో తమిళనాడు తీరంలోని తరంగంబాడికి మిషనరీలుగా వెళ్ళారు. వాళ్ళ కోసం హాలెలోనే తమిళ అక్షరాలు పోత పోసి ఓడలో పంపారు. అవి మరీ పెద్దవై కాగితం ఎక్కువ తినేశాయి. తర్వాత తరంగంబాడి దగ్గరే చిన్నవి పోసుకున్నారు. ఆ వరుసలో వచ్చినవాడు బెంజమిన్ షుల్ట్స్. 1719లో తరంగంబాడి చేరి, కొన్నేళ్ళకి మద్రాసు వెళ్ళి అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో హాలెకి తిరిగొచ్చాడు. 1746లో ఇక్కడ తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. బ్రౌను నిఘంటువుకి వందేళ్ళు ముందు.

ఫ్రాంకే సంస్థల ఆవరణలోకి వెళ్తే రెండు వైపులా పొడుగ్గా ఇళ్ళ వరస. అనాథ శరణాలయం అటకలో వింత వస్తువుల గది ఉంది. పైనుంచి మొసలి వేలాడుతోంది. బీరువాల్లో శంఖాలు, రాళ్ళు, దూరదేశాల వస్తువులు, మన దేశానివి కూడా. పిల్లలకి ప్రపంచం చూపించడానికి పెట్టినవట. నాన్న తాటాకుల దగ్గర ఆగారు. గంటంతో తాటాకు మీద రాసేటప్పుడు చీలిపోకుండా మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయంటారు. ఆ గుండ్రదనమే తర్వాత ఉక్కులో చెక్కేవాడికి ఎంత పరీక్షో నాన్నకి తెలుసు.

ఇక్కడి ప్రెస్సు గురించి నాన్నకి బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 1710లో కాన్‌స్టైన్ అనే ఆయన మొదలుపెట్టిన బైబిలు సంస్థ, పేజీలు కట్టిన అక్షరాల్ని విప్పకుండా అలాగే ఉంచేసి, కావాల్సినప్పుడల్లా మళ్ళీ అచ్చు వేసేది. ప్రతిసారీ కంపోజింగ్ ఖర్చు ఉండదు కాబట్టి పేదవాళ్ళు కూడా కొనగలిగే ధరకి ఇవ్వగలిగారు. "స్టాండింగ్ మ్యాటర్!" అన్నారు నాన్న. "మేం పెళ్ళి శుభలేఖలకి అలా ఉంచేవాళ్ళం, పేర్లు మాత్రం మార్చి. బైబిలు మొత్తమా? అంత సీసం ఎక్కడ పెట్టారు? ఎన్ని వేల కిలోలు!"

1728లో కట్టిన గ్రంథాలయం చూశాం. నాటకం తెరల్లా ఒకదాని వెనక ఒకటి నిలబెట్టిన పుస్తకాల అరలు, నేల నుంచి కప్పు దాకా. షుల్ట్స్ ఇందులో తిరిగి ఉంటాడు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. పాత పుస్తకాలు చేతికి ఇచ్చి చూపించాలంటే ముందుగా రాయాలి, పని దినాల్లో రావాలి. నేను మ్యూజియం వేళలు చూసుకున్నాను గానీ ఇది చూసుకోలేదు. శనివారం వచ్చాం. ఆ తెలుగు పుస్తకాలకి ఇంత దగ్గరికి వచ్చి చూడకుండా వెళ్తున్నందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాన్నని ఆయన వయసులో ఇంత దూరం తిప్పి చివరి మెట్టు దగ్గర ఆపేశాను.

నాన్న నన్నేమీ అనలేదు. ఆయన ధ్యాస వేరే చోట ఉంది. తిరుగు రైల్లో టికెట్ ప్రింటవుట్ వెనక వైపు పెన్నుతో గళ్ళు గీయడం మొదలుపెట్టారు.

"చూడమ్మా. హల్లులు ముప్పయ్యారు. ఒక్కోదానికి గుణింతాలు పదిహేనేసి వేసుకో. ఐదొందల నలభై. వత్తులు కలిస్తే లెక్కే లేదు. అన్నీ కలిపి పోశారంటే షుల్ట్స్‌కి అన్ని పంచ్‌లు, అదే ఆ ఉక్కు ముక్కలు, చెక్కేవాడు దొరకాలి. విడివిడిగా పోస్తే తలకట్టు ఒకటి, దీర్ఘం ఒకటి, గుడి ఒకటి. కానీ గుడి అక్షరం నెత్తి మీద కూర్చోవాలి, వత్తు పాదం కింద పడాలి. ఒకే వరసలో మూడంతస్తులు. తెలుగు రాని పనివాడు 'ష'కి 'ట' వత్తు ఎక్కడ పెట్టాలో ఎలా తెలుసుకున్నాడు? షుల్ట్స్ పక్కన నిలబడి చూపించి ఉంటాడా? అచ్చుతప్పులు ఎవరు దిద్దారు? ప్రూఫు చదివే రెండో మనిషి లేడుగా ఇక్కడ!"

ఫుల్డా దాటేదాకా గళ్ళు గీస్తూనే ఉన్నారు. మా పాత ప్రెస్సులో ఏ గడిలో ఏముండేదో, ఎక్కువ పడే అక్షరాలు చేతి దగ్గరగా, తక్కువ పడేవి దూరంగా. ఋ, ఞ ఎక్కడో మూలకి. కాగితం చాలక నా నోట్‌బుక్ తీసుకున్నారు. అమ్మేసిన అక్షరాలన్నీ ఆయనకి వాటి చోట్లతో సహా గుర్తున్నాయి.

సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళే ముందు హాలె గ్రంథాలయానికి మెయిల్ రాశాను. షుల్ట్స్ తెలుగు పుస్తకాలు చూడటానికి పని దినంలో ఒక రోజు ఇమ్మని. నాన్న పక్కన నిలబడి, వత్తులు విడిగా పోశారా కలిపి పోశారా అన్న ప్రశ్న కూడా అందులో పెట్టించారు. జర్మన్‌లోకి ఎలా మార్చావో చదివి వినిపించమన్నారు. చదివాను. కింద నా పేరు టైప్ చేయబోతుంటే ఆగమన్నారు. తన పేరు వేయమన్నారు. దాని కింద, విజయవాడ, కంపోజిటర్ అని వేయమన్నారు.